ఫొటో స్టూడియోకి బారసాల

మా మేనల్లుడు ఫొటో స్టూడియో పెడుతూ, "మామయ్యా, మంచి పేరు చెప్పు" అన్నాడు. కవిత్వం పొంగుకొచ్చి "ఛాయ" అన్నాను. వెబ్‌సైటుకి ఇంగ్లీషులో ఉండాలిగా, రాయమంటూ తలా ఒక కాగితం ఇచ్చాడు. నేను ఒక 'హెచ్' పెట్టాను, మా ఆవిడ రెండు పెట్టింది, అక్కయ్య 'ఏ' ఇంకొకటి తగిలించింది. వచ్చే బేరం మూడు వీధుల పాలు!

1888లో ఈస్ట్‌మన్ దొర అర్థంపర్థంలేని 'కొడాక్'ను పుట్టించింది ఇందుకేనట: పొట్టిగా ఉండాలి, ఎవరు పలికినా తప్పు పోరాదు. సికింద్రాబాదులో మన దీన్‌దయాళ్ గారు సొంత పేరే పెట్టుకున్నారు. నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడికి ఈ బెంగ ఎందుకు?

చివరికి వాడు, పోయిన వాళ్ళ నాన్న పేరు పెట్టాడు. ముగ్గురం ఒకేలా రాశాం. స్టూడియో ఫోను అక్కయ్యే తీస్తుంది. బావ ఉన్నన్నాళ్ళూ ఆయన పేరు నోట పలకని మనిషి, ఇప్పుడు రోజుకి పదిసార్లు పలుకుతోంది.