ఫాతిమా బీవీ తరువాత ఎవరు?

అవుకు మండలం నుండి బనగానపల్లె, నంద్యాల కోర్టులకు వాయిదాలకు తిరిగే మన ఆడపడుచులను చూస్తూనే ఉన్నాం. మెహర్ కోసం, భరణం కోసం, బిడ్డల కోసం తిరుగుతుంటారు. ఆ కోర్టుల్లో న్యాయాధికారి కుర్చీ ఎక్కిన మన ఆడబిడ్డలు ఎందరని అడిగితే మాత్రం తడుముకోవలసి వస్తున్నది.

1989 అక్టోబరు 6న జస్టిస్ ఎం. ఫాతిమా బీవీ సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయ్యారు. 1950లో ఏర్పడిన ఆ న్యాయస్థానంలో అంతవరకు ఒక్క స్త్రీ లేదు. ఆ మొదటి స్త్రీ ముస్లిమేనని ప్రతి సభలో గర్వంగా చెప్పుకుంటాం. 1992లో ఆమె పదవీ విరమణ చేసిన తరువాత 2025 నాటికి మరో పదిమంది స్త్రీలు ఆ ధర్మాసనం ఎక్కారు. వారిలో ముస్లిం ఒక్కరూ లేరు. ఈ మాట ఏ సభలోనూ వినపడదు.

1985లో షాబానో కేసు విన్న ఐదుగురూ పురుషులే. 2017లో ముమ్మారు తలాక్ కేసు విన్న ఐదుగురు న్యాయమూర్తులు ఐదు మతాలవారని పత్రికలు మెచ్చుకున్నాయి. ఆ ఐదుగురూ పురుషులే. ముస్లిం స్త్రీ బతుకు గురించిన వాదన అంత ఎత్తుకు చేరిన రెండుసార్లూ ఆమెవంటి మనిషి పీఠం మీద లేదు.

ముస్లిం స్త్రీ కూర్చుంటే తీర్పు మనకు అనుకూలంగా వస్తుందన్న భ్రమ మాకు లేదు. 2022 మార్చిలో హిజాబ్ పిటిషన్లను కొట్టివేసిన కర్ణాటక హైకోర్టు ధర్మాసనంలో జస్టిస్ జె.ఎం. ఖాజీ ఉన్నారు. ఆ తీర్పు మాకు రుచించలేదు. అయినా ఆమె అక్కడ ఉండవలసిందేనంటాం. మేము అడుగుతున్నది పక్షపాతం కాదు, భాగం.

తప్పంతా కొలీజియం మీద నెట్టి చేతులు కడుక్కోలేం. ఆడపిల్ల లా చదువుతానంటే, కోర్టులో మగవాళ్ళ మధ్య నిలబడతావా అని మొదట అడ్డుపడేది మన ఇంటి పెద్దలే. దానికి దీన్‌ను సాకుగా చూపేవారూ ఉన్నారు. మనలో అత్యధికులు అనుసరించే హనఫీ మజ్‌హబ్‌కు మూలపురుషుడైన ఇమామ్ అబూ హనీఫా, హుదూద్, ఖిసాస్ కాని వ్యవహారాల్లో స్త్రీ ఖాజీ కావచ్చునన్నారు. ఇమామ్ తబరీ ఆ పరిమితి కూడా పెట్టలేదు. హజ్రత్ ఆయిషా (ర.అ.) వద్దకు సహాబాలు ధర్మసందేహాలతో వచ్చేవారని పిల్లలకు కథగా చెబుతాం, ఆడపిల్ల అడిగితే మరచిపోతాం!

ఫాతిమా బీవీ రసాయనశాస్త్రం చదవాలనుకున్నారు. 1937లోనే తిరువాన్కూరులో మున్సిఫ్ అయిన అన్నా చాందీని చూసి, తన కూతురూ న్యాయవాది కావాలని పట్టుబట్టినవారు తండ్రి మీరా సాహెబ్. 1950లో ఆమె న్యాయవాదిగా నమోదయ్యారు, 1958లో మున్సిఫ్ అయ్యారు. ఆ ఎనిమిదేళ్ళూ ఆమె వెనుక ఒక ఇల్లు నిలబడి ఉంది.

ఆ ఇల్లు ఇప్పుడు మరీ అవసరం. 2025 మే 20న సుప్రీంకోర్టు, సివిల్ జడ్జి పరీక్షకు కూర్చోవాలంటే మూడేళ్ళ న్యాయవాద అనుభవం ఉండాలన్న నిబంధనను పునరుద్ధరించింది. నిన్న పట్టా పుచ్చుకుని నేడు తీర్పు చెప్పడం తగదన్న కోర్టు వాదనలో బలం లేకపోలేదు. అయితే ఆ మూడేళ్ళు జూనియర్‌కు దక్కేది ఛార్జీల ఖర్చుకు కూడా చాలదు. అవుకులో నాపరాయి పాలిష్ పనికి వెళ్ళే తండ్రి కూతురు, పెళ్ళి వయసు దాటిపోతోందన్న మాటలు పడుతూ, ఆదాయం లేకుండా నంద్యాల బస్సెక్కి రోజూ కోర్టుకు వెళ్ళాలి. మగపిల్లవాడికి బరువైన నిబంధన ఆమెకు మూసిన తలుపు. మన రాష్ట్రంలో బీసీ-ఇ రిజర్వేషన్ ఉన్నా, ఈ మూడేళ్ళలో ఆమె వెనుదిరిగితే ఆ కోటా ఎవరికి?

2019లో రాష్ట్రంలో జూనియర్ న్యాయవాదులకు మూడేళ్ళపాటు నెలకు 5,000 రూపాయలిచ్చే లా నేస్తం పథకం మొదలైంది. ఆ భృతిని పదివేలు చేసి, ఆడపిల్లలకు నెలనెలా తప్పక అందేలా చూడాలని ప్రభుత్వాన్ని అడుగుతున్నాం. మన జమాఅత్‌లను కూడా అడుగుతున్నాం: వచ్చే రమజాన్‌లో జకాత్ పంచేటప్పుడు, అర్హురాలైన లా విద్యార్థిని మీ మహల్లాలో ఉన్నదేమో ముందుగా విచారించండి. పుస్తకాల జాబితా, కాలేజీ ఫీజు రసీదు ఆ ఇంటివారే తెచ్చి చూపిస్తారు.