రుచియా, త్రాగుడా?

"మామయ్యా, ఇది తాగడం కాదు, రుచి చూడడం" అని చికాగో నగరమున నా మేనల్లుడు నాతో ననెను. ఈ వాక్యమును ఖండించుటకే యీ వ్యాసమును వ్రాయుచున్నాను. రుచి చూచుట యను విద్యయే లేదని నేననుట లేదు. ఆ విద్య యున్నది, దానికి నియమములున్నవి. ఆ నియమములను విడిచి, దాని పేరును మాత్రము ధరించుట తగదని నా వాదము.

జరిగినది మొదట చెప్పెదను. వేసవి సెలవులలో మా యక్కగారి కుమారుని యింట కొన్నాళ్లుంటిని. ఒక శనివారము సాయంకాలమున అతని మిత్రులు నలుగురు వచ్చిరి. అందరును తెలుగువారే, చదువుకొన్నవారే. బల్లమీద ఏడు సీసాలు నిలిపిరి. అన్నియు విస్కీ పీపాలలో నెలల తరబడి నిలువచేసిన స్టౌటు, అనగా నల్లని చిక్కని బీరు. ఒక్కొక్క సీసా 500 మిల్లీలీటర్లు. చీటీమీద ఆల్కహాలు నూటికి 14 వంతులని యున్నది. చేతులలో పొట్టి గాజుపాత్రలు. ప్రక్కన ఫోనులలో మార్కులు వేయుటకు పట్టికలు. నేనును రెండు గ్రుక్కలు పుచ్చుకొంటిని, దాచుట యెందుకు? కాఫీ కషాయమువంటి చేదు, మాడిన బెల్లపు తీపి, ఎండుకొబ్బరి వాసన, కడపట గొంతులో విస్కీ వేడి, ఇన్నియు ఒక్క గ్రుక్కలోనే తోచినవి. వస్తువునందు గుణము లేదని యనజాలను. నా కలహము వస్తువుతో గాదు, దానిచుట్టు చేరిన మాటలతో.

ఆ గుణములెక్కడివో విచారింతము. బర్బన్ అను విస్కీని క్రొత్త ఓకు పీపాలలోనే, అదియు లోపలివైపు నిప్పుతో మాడ్చిన పీపాలలోనే, నిలువ చేయవలెనని అమెరికా శాసనము. ఒకసారి వాడిన పీపా మరల బర్బనుకు పనికిరాదు. సుమారు 200 లీటర్లు పట్టు నీ పీపాలు మిగిలిపోయి, స్కాట్లండు విస్కీవారికిని, బీరు కాచువారికిని చేరుచున్నవి. కొయ్యలోని లిగ్నిన్ అను పదార్థము వేడికి విడిపోయి వెనిల్లా వాసన నిచ్చును. లాక్టోనులు కొబ్బరి వాసన నిచ్చును. పలకలలో నింకియున్న విస్కీ బీరులోనికి దిగి దాని ఘాటును హెచ్చించును. నలుపును చేదును మాత్రము బీరు కాచువాని సొత్తు; అవి ప్రధానముగా వేచిన మాల్టునుండి వచ్చును. 1817 లో డేనియల్ వీలర్ అను నతడు మాల్టును నల్లగా వేచు యంత్రమునకు ఇంగ్లండులో పేటెంటు పొందెను. నేటి స్టౌటు రూపమునకు ఆ మాల్టే ఆధారము.

కాబట్టి ఒకే గ్రుక్కలో ఇద్దరి పని యున్నది. కాచినవానిది యొకటి, పీపాది యొకటి. వీనిని విడదీసి తెలిసికొనుటయే రుచి చూచుట. విడదీయు మార్గమును మన తార్కికులు చిరకాలము క్రిందటనే చెప్పిరి. అన్వయ వ్యతిరేకములే యా మార్గము. ఏది యున్నచో నేది యుండునో, ఏది లేనిచో నేది లేకపోవునో చూడవలెను. పీపాలో నుంచిన బీరు ప్రక్కన పీపా నెరుగని స్టౌటును పోసి, రెంటిని మార్చి మార్చి చూడవలెను. నేనీ మాట యడుగగా, ఆ యింట సాదా స్టౌటు ఒక్క సీసాయైనను లేకపోయెను. ఏడును పీపావే! అక్షరములు దిద్దకయే కావ్యమునకు దిగిన విద్యార్థులను నేనెరుగుదును. వారికి సమాసము గంభీరముగా వినబడిన చాలును, అర్థముతో పనిలేదు. అలంకారము శరీరమునకు శోభ తేవలెను గాని శరీరమును మరుగుపరుపరాదు. నాలుకకు వెనిల్లాయు విస్కీయు మాత్రమే తోచిన బీరు ఎంత వెలపెట్టి కొన్నను ఓడిన బీరే. విస్కీయే కావలసినవాడు విస్కీనే కొనవచ్చును గదా!

ఆ మిత్రులలో నొకడు ఇది ఐరోపాలోని ప్రాచీన సంప్రదాయమనెను. ఇదియు సరికాదు. 18వ శతాబ్దమున లండను నుండి రష్యాకు ఘాటైన స్టౌటు పోవుచుండిన మాట నిజము. ఆనాటి బీరు కొయ్య పీపాలలో నుండిన మాటయు నిజము. కాని ఆ పీపా పాత్రయే గాని పరిమళద్రవ్యము కాదు. కొయ్య వాసన బీరునకు దోషమని యెంచి, బ్రిటిషు బీరు కాపరులు అమెరికా ఓకుకంటె బాల్టికు తీరపు ఓకునే మేలనుకొనిరి. బర్బన్ పీపాలో స్టౌటు నుంచి దానికి ప్రసిద్ధి తెచ్చినది చికాగోలోని గూస్ ఐలండు సంస్థ. అది 1990 తరువాతి దశాబ్దపు మాట. క్రొత్తదైనంత మాత్రమున వస్తువు చెడ్డది కాదు. కాని క్రొత్తదానికి ప్రాచీనత నంటగట్టి గౌరవము సంపాదించుట మన దేశమున నెన్ని దురాచారములను కాపాడినదో చదువరులకు నేను చెప్పనక్కరలేదు.

ఇక మార్కుల సంగతి. ఏడు సీసాలకును అయిదింట నాలుగున్నరకు తగ్గకుండ మార్కులు పడినవి. ఇరువది యేండ్లుగా ఉత్తరపత్రములు దిద్దుచున్నవాడను. తరగతిలో నందరికిని ప్రథమశ్రేణి వచ్చిన యెడల నేను శంకించునది పిల్లలను గాదు, దిద్దినవానిని. రెండవ సీసాకును అయిదవ సీసాకును భేదమేమని యడిగితిని; ఎవరును చెప్పజాలకపోయిరి. వెల, దొరకకుండుట, చీటీమీది పేరు, ఈ మూడును నాలుకకంటె ముందే మార్కులు వేసినవి. గూస్ ఐలండు వారి 2015 సంవత్సరపు సీసాలు కొన్ని లాక్టోబాసిల్లసు జాతి సూక్ష్మజీవి చేరి పులిసిపోగా, ఆ సంస్థ 2016 లో కొన్నవారికి సొమ్ము తిరిగి యిచ్చుట కొప్పుకొనెను. తరువాత తన బీరును పాశ్చరీకరణము చేయనారంభించెను. పేరు చూచి మార్కులు వేయువాని చేతికి అట్టి సీసా వచ్చినచో నేమి చేయును? పులుపును గూడ సూక్ష్మరుచి యని కొనియాడును. "ఇది పులిసినది" అని చెప్పగల నాలుకకే రుచి చూచు నధికారము గలదు.

లెక్క కూడ చూతము. 500 మిల్లీలీటర్లలో నూటికి 14 వంతులనగా 70 మిల్లీలీటర్ల ఆల్కహాలు. ఏడు సీసాలకు 490. నా రెండు గ్రుక్కలను లెక్కలోనికి తీసికొనకున్నచో, అయిదుగురికి తలకు 98. నూటికి 42.8 వంతుల ఘాటుగల 750 మిల్లీలీటర్ల విస్కీ సీసాలో నుండునది 321 మాత్రమే. అనగా అయిదుగురును గూడి ఒకటిన్నర విస్కీ సీసా ముగించినట్లు! ఈ మాటను ఈ రూపమున తల్లితో చెప్పుటకు వారిలో నొక్కడైనను సాహసించునా? రాత్రి పదకొండు గంటలకు ఒకడు కారు తాళపుచెవి తీసికొని లేచెను. నేను దానిని పుచ్చుకొని నా జేబులో వేసికొంటిని. "రుచి చూసినవాడివే కదా నాయనా, ఆ గోడ దాకా తిన్నగా నడిచి చూపించు" అంటిని. అతడు నవ్వెను గాని నడువలేదు. ఆ రాత్రి అక్కడనే పండుకొనెను.

మన యూళ్లలో సారా త్రాగిన కూలివానిని త్రాగుబోతనుచున్నాము. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు 1992 లో సారాపై తిరుగబడిరి. ఆ యుద్యమము రాష్ట్రమంతట ప్రాకి 1993 లో సారా నిషేధమునకు దారితీసెను. చదువుకొన్నవారమెల్ల నా స్త్రీలను మెచ్చుకొంటిమి. కాని కూలివాని గ్లాసునకు ఒక పేరును, ఇంజనీరు గాజుపాత్రకు మరియొక పేరును పెట్టుట యే న్యాయము? కడుపులోనికి జేరిన ఆల్కహాలు త్రాగినవాని జీతమెంతయని యడుగదు.

మద్యమును సర్వథా వర్జింపవలెనను మిత్రులు నన్నును కోపింతురు. రుచి చూచుట త్రాగుడునకు తొలిమెట్టని వారందురు. వారి భయము నిరాధారము కాదు. త్రాగనివాడు నా వ్యాసము చదివి మొదలుపెట్టవలసిన పని యెంతమాత్రము లేదు. కాని త్రాగుచున్నవానితో వాదించునప్పుడు అతని మాటనే పట్టుకొనవలెను. "రుచి" యని యతడే యన్నాడు. రుచి ధర్మమేమో అతనికే చూపుదము. ద్రాక్షసారాను పరీక్షించు వృత్తివారు పుక్కిలించి యుమియుదురు. విస్కీలను కలుపు నిపుణులు నీటితో పలుచనచేసి, చాలవరకు ముక్కుతోనే పని ముగింతురు. తరువాతి పాత్రను చూచుటకు బుద్ధి తేటగా నుండవలెనని వారికి తెలియును. వృత్తివారికి లేని దాహము రసికులకేల?

కావున రసికులమని చెప్పుకొనువారిని నేను కోరునది స్వల్పము. ఒక సాయంకాలమునకు ఒక్క సీసా తెరువుడు. అయిదుగురికి తలకు 100 మిల్లీలీటర్లు చాలును. మంచుచల్లదనము విడిచినదాక ఆగుడు, చలి వాసనను అణచును. ప్రక్కన సాదా స్టౌటు కొంచెము పోసి, రెండు సీసాలకును గుడ్డ చుట్టుడు. మార్కు వేయుటకు ముందు ఏది పీపాదో, ఏది కాచినవానిదో ఒక వాక్యము వ్రాయుడు. వ్రాయజాలనివాడు మార్కు వేయరాదు. బండి నడుపవలసినవాడు పాత్ర ముట్టరాదు. ఇన్నియు కష్టమని తోచినవారు నిశ్చింతగా త్రాగవచ్చును. కాని త్రాగితిమని చెప్పుడు.

నేను ఊరు చేరిన నెలకు మేనల్లుడు ఫోనులో మాటలాడెను. "ఈసారి ఒక్క సీసానే తెరిచాం మామయ్యా. పక్కన మామూలు స్టౌటు పెట్టాం, గుడ్డ కూడా చుట్టాం. మామూలుదే బాగుందని ముగ్గురన్నారు" అనెను. ఆ తీర్పు ఒప్పో తప్పో నేను చెప్పజాలను. రుచి చూచినవారు చెప్పిన మాట యది.