అంచు ముందా, ఆకృతి ముందా?

15, 16 శతాబ్దాల ఐరోపా ఉక్కు కవచాలను నేడు తమ చేతులతో చేయబూనుకునేవారి మధ్య ఒక వాదం ఎడతెగకుండా సాగుతూ ఉంటుంది. రేకు చదునుగా ఉన్నప్పుడే అంచు చుట్టివేయాలా, లేక వంపులన్నీ తీర్చిన పిమ్మట చుట్టాలా? గోడకు తగిలించే బొమ్మకైతే ఏ క్రమమైనా ఒకటే. కానీ మొద్దు చేసిన ఉక్కు ఆయుధాలతో నిజంగానే తలపడే పోటీలు ఇప్పుడున్నాయి. అక్కడ ఆ అంచు వెనుక ఉండేది ఒక మనిషి గొంతు.

ముందే చుట్టాలనేవారికి ఉన్న బలం సౌలభ్యం ఒక్కటే. దాగలి మీద చదును రేకు అంచు మడవటం ఎవరికైనా సులువు. అసలు చిక్కేమిటంటే, వారు అంచును అలంకారం కింద జమకట్టారని నా అనుమానం. 16వ శతాబ్దపు పనివారు దాని మీద పేనిన తాడులా గాట్లు పెట్టారు కనుక మన చూపు ఆ అందం దగ్గరే ఆగిపోతుంది. వక్షఃకవచానికి మెడ వద్ద, చంకల వద్ద అంచును వెలుపలికి చుట్టింది రేకు మీద జారివచ్చే ఈటె మొనను ఆపడానికి, పలుచని రేకుకు పటుత్వం ఇవ్వడానికి, తొడిగినవాడి ఒళ్ళు కోసుకుపోకుండా ఉండడానికి. మన ఇనుప బకెట్టు మూతి చూడండి. తీగ మీదుగా చుట్టిన ఆ అంచే లేకపోతే, నిండా నీళ్ళతో ఎత్తేసరికి మూతి వంకరపోతుంది.

పటుత్వాన్నిచ్చే ఆ గుణమే ముందుగా చుట్టినప్పుడు శత్రువవుతుంది. చుట్టిన అంచు ఒక సన్నని గొట్టం వంటిది. దానిని వంచితే లోపలి వైపు నలుగుతుంది, బయటి వైపు చిట్లుతుంది. గిన్నెలా లోతు తీయాలంటే అంచు కొంత లోపలికి ముడుచుకోవాలి. చుట్ట దానిని ముడుచుకోనివ్వదు. దాంతో సుత్తి దెబ్బలకు నడుమ లోహమే సాగి పలచబడుతుంది. మందం ఎక్కువ కావలసింది సరిగ్గా అక్కడే!

అలాగని అంతా పూర్తిచేసి చివర అంచు చుట్టమనడమూ నాకు సమ్మతం కాదు. మెడ కోత వంటి చోట అంచును వెలుపలికి తిప్పితే లోహం సాగాలి. చల్లగా కొడితే అది పగిలే ప్రమాదం ఉంది కనుక కొలిమిలో ఎర్రగా కాల్చాలి. పైగా సాగిన అంచు పక్క రేకును లాగి, తీర్చిన వంపును చెడగొడుతుంది. అందుచేత చుట్టకు సరిపడా రేకు వదిలి కత్తిరించి, వంపు చాలావరకు తీసి, అంచు చుట్టి, ఆనక మళ్ళీ వంపు సవరించుకోవాలని నా పక్షం. రివెట్ల రంధ్రాలు ఆ తరువాతే. ముందే పొడిస్తే పలకలు ఒకదాని మీద ఒకటి సరిగా జారవు.

ఇది రెట్టింపు శ్రమ, కాదనను. అయితే ఇన్స్‌బ్రుక్‌లోనూ, ఎనిమిదవ హెన్రీ నెలకొల్పిన గ్రీనిచ్ కార్ఖానాలోనూ మేలైన కవచాలను చివరకు కాల్చి, చల్లార్చి గట్టిపరిచేవారని అలన్ విలియమ్స్ లోహ పరీక్షలు చూపించాయి. అలా గట్టిపడ్డ ఉక్కు ఇక సుత్తి మాట వినదు. అంచు సంగతి అప్పటికే తేలిపోయి ఉండాలి.