సరస్సు గాలి అందని గదులు

పిల్లల దగ్గర నాలుగు నెలలు ఉండి వద్దామని షికాగో వెళ్లే తెలుగు తల్లిదండ్రులకు అక్కడి ఏప్రిల్ ఒక పట్టాన అంతుపట్టదు. కిటికీలోంచి చూస్తే ఎండ ఫెళ్లున కాస్తుంటుంది. పల్చటి చొక్కాతో మిషిగన్ సరస్సు చూడబోతే ఒడ్డున వణుకు పుడుతుంది. ఊరికి పడమటి వైపు 20 డిగ్రీలున్న మధ్యాహ్నం గట్టు మీద 10 కూడా ఉండకపోవచ్చు. దాదాపు 58 వేల చదరపు కిలోమీటర్ల నీరు అది, బాగా లోతైన చోట 281 మీటర్లు. చలికాలపు చలిని కడుపులో దాచుకుని మే దాటినా పూర్తిగా వదలదు. వేసవి వేడినీ అంత నిదానంగానే వదులుతుంది. అందుకే శరత్కాలంలో తొలి గడ్డమంచు శివారు పొలాల మీద పడ్డాక ఎన్నో రోజులకు గానీ ఒడ్డున కనిపించదు.

పొద్దెక్కి నేల కాగితే దాని మీది గాలి తేలికై పైకి లేస్తుంది. ఆ చోటులోకి నీటి మీది చల్లగాలి వచ్చి చేరుతుంది. జూన్, జులైల్లో నగరానికి ఇదే ఊరట. ఎయిర్ కండిషనర్లు రాని రోజుల్లో ఉక్క భరించలేని రాత్రులు కుటుంబాలకు కుటుంబాలే దుప్పట్లు చంకన పెట్టుకుని పార్కుల్లో, సరస్సు ఒడ్డున పడుకునేవి. ఇప్పటికీ ఆ తీరంలో చాలా భాగం అందరిదీ. దాని వెంట 29 కిలోమీటర్ల కాలిబాట ఉంది. ఒక మహానగరం తన చల్లని గాలిని ఇలా ఉమ్మడి ఆస్తిగా కాపాడుకోవడం గొప్ప విషయం.

చలికాలంలో మాత్రం సరస్సు పెద్దగా అడ్డుపడదు. శీతగాలులు వాయవ్యం నుంచి వస్తాయి, నీళ్లేమో తూర్పున ఉన్నాయి. 1985 జనవరి 20న అక్కడ మైనస్ 33 డిగ్రీలు నమోదైంది. 2019 జనవరి 30న మైనస్ 31. ఆ వారం రైళ్లు పట్టాలు మారే చోట్ల గడ్డకట్టకుండా గ్యాస్ మంటలు పెట్టారు. భారీగా మంచు కురిసినప్పుడు కనిపించే దృశ్యం మరొకటి. ఇంటి ముందు కారు పట్టేంత మేర గంటల తరబడి పారతో మంచు ఎత్తిపోసినవాళ్లు, బయటికి వెళ్లేటప్పుడు అక్కడ ఓ పాత వంటింటి కుర్చీ పెట్టిపోతారు. చట్టం దానికి ఒప్పుకోదు. అయినా ఎవరో పడ్డ కష్టమని ఇరుగుపొరుగు చాలామంది ఆ కుర్చీని కదపరు. 1979లో వీధుల్లో మంచు తొలగించలేకపోయిన మేయర్ మైకేల్ బిలాండిక్‌ను, నెల తిరిగాక పార్టీలో జరిగిన అభ్యర్థి ఎంపిక ఎన్నికలోనే ఓటర్లు ఇంటికి పంపారు.

అలాంటి ఊరే 1995 జులైలో నిస్సహాయంగా నిలబడింది. 13వ తేదీన మిడ్‌వే విమానాశ్రయం దగ్గర 41 డిగ్రీలు. రాత్రిళ్లూ ఉక్కే. కొద్ది రోజుల్లోనే 700 మందికి పైగా చనిపోయారు. నైరుతి గాలి బలంగా ఉన్నప్పుడు సరస్సు చల్లదనం ఒడ్డు దాటి లోపలికి రాదన్నది నిజమే. కానీ పోయినవాళ్లలో ఎక్కువమంది ఒంటరి వృద్ధులు. దొంగల భయంతో కిటికీలు బిగించుకుని, ఏసీ లేని గదుల్లో ఉండిపోయినవాళ్లు. సామాజిక శాస్త్రవేత్త ఎరిక్ క్లైనెన్‌బర్గ్ పక్కపక్కనే ఉన్న నార్త్ లాండేల్, సౌత్ లాండేల్‌ పేటలను పోల్చి చూశారు. రెండూ పేదవే, రెండింట్లోనూ ఒంటరి ముసలివాళ్లున్నారు. మొదటి పేటలో మరణాల రేటు దాదాపు పది రెట్లు ఎక్కువ. అక్కడ దుకాణాలు మూతపడి, వీధులు బోసిపోయి, జనం గడప దాటడానికే జంకేవారు. రెండో పేటలో అంగళ్ల సందడి ఉంది. పెద్దవాళ్లు కాసేపు చల్లగా కూర్చోడానికి ఓ చోటు, పలకరించే మనిషి ఉన్నారు.

1999లో మళ్లీ వడగాడ్పులు వచ్చినప్పుడు పోలీసులు, నగర సిబ్బంది ఒంటరి వృద్ధుల తలుపులు తట్టారు. మరణాలు సుమారు 110కి తగ్గాయి. ఇప్పుడు అక్కడ 311కు ఫోన్ చేసి, ఫలానా ఇంట్లో పెద్దాయన ఎలా ఉన్నారో చూసి రమ్మని ఎవరైనా అడగొచ్చు.

మన దగ్గర 2015 మే ఎండలకు రెండు తెలుగు రాష్ట్రాల్లో వెయ్యికి పైగా ప్రాణాలు పోయాయి. ఎండన పడి పనిచేసే కూలీలు, వృద్ధులే వారిలో ఎక్కువ. పిల్లలు షికాగోలోనో డాలస్‌లోనో ఉంటే, ఇక్కడ మూడో అంతస్తులో తలుపేసుకుని ఉంటున్న అమ్మానాన్నలు ప్రతి పట్టణంలోనూ ఉన్నారు. బెజవాడలో 45 డిగ్రీలని ఫోన్‌లో చూసి అక్కడ కొడుకు కంగారుపడతాడు; చుట్టూ ఉన్నవాళ్లకే ఆ సంగతి పట్టదు. నెలనెలా మెయింటెనెన్స్ వసూలు చేసే అపార్ట్‌మెంటు సంఘాల దగ్గర ప్రతి ఫ్లాటు వివరాలూ ఉంటాయి. ఒంటరిగా ఉంటున్న పెద్దలెవరో వార్డు సచివాలయాలకూ తెలుసు. ఫిబ్రవరిలోనే ఆ పేర్లు ఒక కాగితం మీద రాసి, ఏ ఇంటికి ఎవరు రోజుకోసారి వెళ్లాలో పంచుకుంటే మార్చి ఎండలు ముదిరేలోపు సిద్ధంగా ఉండొచ్చు.