మెట్టచేని తుమ్మెద

అనంతపురము పీఠభూమిలో ఏటికి సగటున కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. ఆ కొద్దిపాటి వాన కూడ అదనునకు వచ్చునను నమ్మకము లేదు. అట్టి సీమలో పంటను గూర్చి నలుగురు కూడినచోట వాన మాట, విత్తనము మాట, అప్పు మాట వినవచ్చును గాని తుమ్మెద మాట వినరాదు. వినవచ్చినను, అది మిద్దె దూలములను తొలిచి పాడుచేయు పురుగను నిందయే. ఆ నింద పూర్తిగా అసత్యము కాదు. కాని ఆ పురుగు చేయు మేలును లెక్కలోనికి తీసికొనక వేసిన తీర్పు కనుక అది న్యాయమును కాదు.

కవులు దీనికి పెట్టిన పేర్లకు కొదువ లేదు. భృంగము, మధుపము, అళి, షట్పదము, ద్విరేఫము. భ్రమర శబ్దమున రెండు రేఫములుండుటచే ద్విరేఫమయ్యెనట! ఆ పేరు పెట్టినవాడు పురుగును చూడక, పురుగు పేరునే చూచెను కాబోలు. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రమున నాటి జనులు పాడుకొను పాటలను పేర్కొనుచు తుమ్మెద పదములను కూడ చేర్చెను. కనుక పండితులకు, పామరులకు ఇది చిరకాల పరిచితమే. అయినను అది ఎట్లు బ్రతుకునో పరికించి చూచినవారు తక్కువ.

ఆంగ్ల పాఠములలో బంబుల్‌బీ అను మాట తటస్థించినపుడు తుమ్మెద అని అర్థము చెప్పుట వాడుక. రెండును బొద్దుగా ఉండి బిగ్గరగా మ్రోయును గనుక ఆ పొరపాటు సహజమే. బంబుల్‌బీ చలిసీమల జీవి. దాని ఒడలెల్ల దట్టమైన నూగు. చలిలో ఎగురుటకు ముందు అది రెక్కలాడింపకయే రెక్కల కండరములను వణకించి ఒడలు వేడిచేసికొనును. మన దేశమున అది హిమాలయ ప్రాంతమునకు చెందినది; దక్కను పీఠభూమిలో లేదు. అనంతపురపు ఎండలో మ్రోయునది వడ్రంగి తుమ్మెద. దాని పొట్ట నున్నగా నల్లగా నిగనిగలాడును. తేనెటీగకు వలె దానికి వేలకొలది పరివారము లేదు. మైనపు పట్టు లేదు. మనుష్యుడు పిండుకొనదగిన తేనె లేదు. అందుచేతనే కాబోలు మనుష్యుడు దానిని లెక్కచేయలేదు.

ఆడుతుమ్మెద ఎండిన మొద్దునో, వాసమునో, వెదురుబొంగునో ఎన్నుకొని దవడలతో తొలుచును. అది కొయ్యను తినదు. పొట్టును వెలుపలికి నెట్టివేయును. దూలము క్రింద నేలపై రాలియుండు పసుపుపచ్చని పొడి అదియే. చిటికెనవ్రేలు పట్టునంత గుండ్రని ద్వారము చేసి, లోనికి పోయి, కొయ్యనార వెంబడి మలుపు తిరిగి సొరంగము త్రవ్వును. పిదప పుప్పొడిని మకరందముతో కలిపి ముద్దచేసి సొరంగపు కొనయందుంచి, దానిపై ఒక్క గ్రుడ్డు పెట్టి, కొయ్యపొట్టుతో గోడ కట్టును. ఆ గోడకు ఇవతల మరియొక ముద్ద, మరియొక గ్రుడ్డు, మరియొక గోడ. కీటకముల గ్రుడ్లలో వడ్రంగి తుమ్మెద గ్రుడ్డు మిక్కిలి పెద్దవానిలో నొకటి. గ్రుడ్డు నుండి వెలువడిన పిల్లపురుగు ఆ ముద్దనే తిని పెరిగి, రెక్కలు వచ్చిన పిమ్మట గోడను ఛేదించుకొని వెలికి వచ్చును.

పిల్లలు గండుతుమ్మెద యనిన భయపడుదురు. గండు అనగా మగది. పూలపొదల యెదుట గాలిలో నిలిచి, దారిన పోవు ప్రతి పురుగును తరుముచు, మనుష్యుని ముఖము వరకు వచ్చి బెదరించునది అదియే. కొన్ని జాతులలో ఆడుది నల్లనిది కాగా మగది పసుపుపచ్చగా ఉండును. దానికి కొండి లేదు. కీటకముల కొండి గ్రుడ్లుపెట్టు అవయవము మార్పు చెందుటచే ఏర్పడినది గనుక మగదానికి అది ఉండుటకే వీలులేదు. కొండిగల ఆడుది, పట్టి నలిపిననే తప్ప సాధారణముగా కుట్టదు.

ఇక దాని ముఖ్యమైన విద్య. తంగేడు, వంగ, టమాటా, నేలవాకుడు పూవులలో మకరందము లేదు. పుప్పొడి ఉన్నది గాని, అది కొనయందు సన్నని రంధ్రము మాత్రమే గల తిత్తులలో బంధింపబడియున్నది. ఊరక తాకినచో రాలదు. తుమ్మెద ఆ తిత్తులను గట్టిగా కరచిపట్టి, రెక్కలు ముడిచి, రెక్కల కండరములను మాత్రము అతివేగముగా కంపింపజేయును. అంతట ఉప్పుడబ్బీ నుండి ఉప్పు రాలినట్లు పుప్పొడి దాని పొట్టపై రాలును. పూచిన తంగేటి పొద చెంత చెవియొగ్గి నిలిచినచో, ఎగురునప్పటి మ్రోత వేరు, పూవును పట్టినప్పటి మ్రోత వేరు అని తెలియును. రెండవది సన్ననిది, హెచ్చు స్థాయి గలది. మన తేనెటీగలకు ఈ విద్య రాదు.

బంబుల్‌బీకి వచ్చును. ఐరోపాలో గాజుగృహములందు టమాటా పండించువారు పూవులను చేతియంత్రములతో కుదుపుచుండెడివారు. 1987 ప్రాంతమున బెల్జియములో ఆ పనికి బంబుల్‌బీలను పెంచుట మొదలిడిరి. అంతకు పూర్వమే, 1885లో, ఎఱ్ఱ క్లోవరు గడ్డికి విత్తనము పట్టుటకై న్యూజీలాండువారు వానిని ఇంగ్లండు నుండి ఓడలపై తెప్పించుకొనిరి. ఇతరులు ఓడలెక్కించి తెచ్చుకొన్న పనివాడు మనకు పిలువకయే పెరటిలోనికి వచ్చుచున్నాడు.

అనంతపురపు రైతు తుమ్మెదను గుర్తింపకుండుటకు ఒక కారణము కలదు. అచటి ప్రధానమైన పంట వేరుసెనగ. అది తన పుప్పొడితో తానే ఫలించును. కాని వేరుసెనగ సాళ్ళ నడుమ వేయు కంది కొంత భిన్నమైనది. అది తనంత తానును కాయును గాని, బరువైన తుమ్మెద వచ్చి వ్రాలినపుడు పూవు క్రింది రేకు వంగి, లోని కేసరములు బయల్పడి, ఒక మొక్క పుప్పొడి మరియొక మొక్కకు చేరును. పటాన్‌చెరువులో 1972లో నెలకొన్న ఇక్రిశాట్ సంస్థవారు సంకర కంది విత్తనమును సిద్ధపరచినపుడు, పుప్పొడి లేని వరుసలకు ప్రక్క వరుసల పుప్పొడిని చేర్చు భారము కీటకములపైననే ఉంచిరి. కంది పుప్పొడి జిగురుగలది; గాలికి ఎగిరిపోవునది కాదు.

కంది పూత కొన్ని వారములలో ముగియును. తుమ్మెద ఆకలి అట్లు ముగియదు. ఆడుతుమ్మెద నెలల తరబడి జీవించును. వేసవిలో చేను బీడుపడియున్నపుడు దానికి గ్రాసమెక్కడిది? గట్టు మీది కానుగ, జిల్లేడు, తంగేడు, వంక ఒడ్డున రేల. చేను పెట్టనినాడు గట్టు పెట్టును. గట్టును నున్నగా చెక్కి, కంపనంతయు కాల్చి, ఎండుమొద్దులను పొయ్యికి చేర్చినచో, కంది పూచునాటికి వచ్చుటకు తుమ్మెద మిగిలియుండదు. ఉత్తర అమెరికాలో ఫ్రాంక్లిన్ బంబుల్‌బీ అను జాతి 2006 తరువాత ఎవరి కంటను పడలేదు.

గట్టుచెట్లు పైరు నీటిని పీల్చునని, నీడ పడునని రైతు చెప్పు ఆక్షేపణ త్రోసివేయదగినది కాదు. ఎకరములో ప్రతి సెంటును లెక్కించుకొనువాడు చెప్పు మాట అది. అయితే తంగేడు, జిల్లేడు పొదలేగాని మహావృక్షములు కావు. పశువులు సాధారణముగా వానిని ముట్టవు. నీరు పోయవలసిన పనియు లేదు. తుమ్మెద పొడవైన పూవుల అడుగును చీల్చి, పుప్పొడిని తాకకయే మకరందమును దొంగిలించునను మాటయు నిజమే. దొంగతనమున్నదని కూలిని మరచుట తగదు. దూలముల మాట కూడ అట్టిదే. చమురుగాని రంగుగాని పూసిన కొయ్యను అది సాధారణముగా తొలువదు. కన్నములో కిరసనాయిలు పోసి మట్టితో మూయుట కంటె ఒకసారి రంగు పూయుట మేలు. కంది పూతవేళ పురుగుమందు చల్లక తప్పనిచో, పట్టపగలు గాక తుమ్మెదలు గూడు చేరిన సందెవేళ చల్లుట కర్తవ్యము. దీనికి అదనపు ఖర్చు లేదు.

పాఠశాలలకు ఆవరణలున్నవి. వాని మూలలందు కంప పెరిగినదని యేటేట నరికించుట ఆచారము. ఒక మూలను విడిచి, రెండు తంగేటి పొదలను నిలిపి, వాని చెంత ఎండిన కానుగ మొద్దు నొకదానిని వానకు తడియకుండ రాతిపై పెట్టించినచో, తుమ్మెద దానిని ఎన్నాళ్ళకు కనుగొనునో, తొలిచిన పొట్టు ఏనాడు మొదట రాలునో విద్యార్థులే తేదీ వేసి వ్రాసికొనవచ్చును.