బస్సు దిగిపోయినవాడు

థర్డ్ ఇయర్ చివర్లో ఒక జూనియర్ వచ్చి "అన్నా, కీబోర్డ్ నేర్పుతావా?" అని అడిగాడు. "ప్లేస్‌మెంట్స్ అయ్యాక చూద్దాంలే రా" అన్నాను. ప్లేస్‌మెంట్స్ అయిపోయాయి. నాకు ఉద్యోగం కూడా వచ్చింది. వాడు మాత్రం మళ్ళీ అడగలేదు.

హోరేస్ టాప్‌స్కాట్ గురించి చదువుతుంటే నాకు ఆ జూనియరే గుర్తొచ్చాడు.

టాప్‌స్కాట్ 1934లో అమెరికాలోని హ్యూస్టన్‌లో పుట్టి, లాస్ ఏంజెలెస్‌లో పెరిగాడు. అక్కడి జెఫర్సన్ హైస్కూల్లో శామ్యూల్ బ్రౌన్ అనే మాస్టారు పిల్లలకి జాజ్ నేర్పేవారు. డెక్స్‌టర్ గోర్డన్ లాంటి పెద్ద పేర్లు కూడా ఆయన శిష్యులవే. టాప్‌స్కాట్ ట్రాంబోన్ వాయిస్తూ లయనెల్ హాంప్టన్ బ్యాండ్‌లో చేరాడు. మన భాషలో చెప్పాలంటే అది డ్రీమ్ కంపెనీ. 1961లో ఆ బ్యాండ్ టూర్ మీద లాస్ ఏంజెలెస్ వచ్చినప్పుడు బస్సు దిగి, మళ్ళీ ఎక్కలేదు. అప్పటికి ఆయన వయసు ఇరవై ఏడు మించదు.

దిగి ఏం చేశాడు? పేటలో ఉన్న వాయిద్యకారులందర్నీ పోగేసి ఒక బ్యాండ్ పెట్టాడు. అదే తర్వాత 'పాన్ ఆఫ్రికన్ పీపుల్స్ ఆర్కెస్ట్రా' అయ్యింది. ఇంగ్లీషులో ఆ పేరు స్పెల్లింగ్ వేరు. అందులో 'ఆర్క్', అంటే నోవహు ఓడ, దాగి ఉంటుంది. నల్లజాతి సంగీతాన్ని మునిగిపోకుండా దాచుకునే ఓడ అన్నమాట. తాను పియానో ముందు కూర్చుని నడిపించాడు. పార్కుల్లో, స్కూళ్ళలో, చర్చిల్లో వాయించారు, చాలాసార్లు ఉచితంగానే. పిల్లలకి నేర్పారు. కవులు, డాన్సర్లు కూడా వచ్చి చేరారు. 1965లో వాట్స్ తగలబడినప్పుడు కూడా వాళ్ళు ఆ పేటల్లోనే ఉన్నారు.

"త్యాగం బాగానే ఉంది, మరి కెరీర్?" అంటారా? న్యాయమైన ప్రశ్నే. ఆయన పేరు మీద మొదటి ఆల్బమ్ 1969లో గానీ రాలేదు. తర్వాతి ఆల్బమ్‌కి దాదాపు పదేళ్ళు పట్టింది. ఆయన బ్యాండ్‌లో వాయించిన ఆర్థర్ బ్లైత్, బుచ్ మోరిస్ న్యూయార్క్ వెళ్ళి పేరు తెచ్చుకున్నారు. ఊళ్ళో ఉండిపోయిన ఖరీదు ఆయన కట్టాడు. దాన్ని తక్కువ చేసి చెప్పడం అబద్ధమే అవుతుంది.

కానీ లెక్క అక్కడితో ఆపితే తప్పు. టాప్‌స్కాట్ 1999లో చనిపోయాడు. బ్యాండ్ చనిపోలేదు. అందులో సాక్సోఫోన్ వాయించిన మైకేల్ సెషన్ దాన్ని నడిపాడు, ఆయన తర్వాత కొడుకు మెకాలా సెషన్ అందుకున్నాడు. నేర్పినవాడు పోయాక కూడా పాట ఆగకపోతే, అంతకన్నా పెద్ద కెరీర్ ఏముంటుంది?

ఆఫర్ లెటర్లు చించేయమని నేను చెప్పట్లేదు. నేనూ జూన్‌లో బెంగళూరు బస్సు ఎక్కుతున్నా. నా గొడవంతా "సెటిల్ అయ్యాక" అన్న మాటతోనే. సెటిల్ అయ్యాక నేర్పుతాం, సెటిల్ అయ్యాక ఊరికి ఏదైనా చేస్తాం అంటాం. టాప్‌స్కాట్ సెటిల్ అయ్యాక మొదలుపెట్టలేదు. వచ్చినంతలో, ఉన్నవాళ్ళతో మొదలుపెట్టాడు. మన ఫెస్ట్‌లో ఒక్క రాత్రి పాడే సెలబ్రిటీకి లక్షలు దొరుకుతాయి, మ్యూజిక్ రూమ్‌లో హార్మోనియం రిపేరుకి మాత్రం రెండేళ్ళుగా దొరకట్లేదు. దానికి మేనేజ్‌మెంట్‌ని తిట్టుకుంటూ కూర్చున్నాం గానీ, ఉన్న ఒక్క కీబోర్డ్ మీద ఎవరికైనా నేర్పామా? నేనైతే నేర్పలేదు.

నాకింకా పదకొండు శనివారాలు ఉన్నాయి. మొన్న ఆ జూనియర్ రూమ్‌కి నేనే వెళ్ళాను. "ఇంకా నేర్చుకోవాలని ఉందా రా?" అంటే, "ఉంది గానీ అన్నా, నువ్వు వెళ్ళిపోతున్నావుగా" అన్నాడు.

వెళ్ళేలోపు వాడు ఇంకొకడికి నేర్పేంత నేర్చుకుంటే చాలు. శనివారం సాయంత్రం ఐదింటికి, మ్యూజిక్ రూమ్‌లో. మీరూ రండి.