విద్యుత్ స్కూటరు రాయితీ: పల్లెకు దక్కిందెంత?

పెట్రోలు ఖర్చు, పొగ తగ్గించడానికి ప్రభుత్వం విద్యుత్ వాహనాలను ప్రోత్సహించడం హర్షించదగినదే. 2019 ఏప్రిల్‌లో మొదలైన రెండో విడత ‘ఫేమ్’ పథకానికి కేంద్రం 10,000 కోట్ల రూపాయలు కేటాయించింది. అదే ఏడు ఆగస్టులో ఈ వాహనాలపై జీఎస్టీని 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గించింది. 2026 డిసెంబరు 31 వరకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషను రుసుము మాఫీ చేస్తూ తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో ఉత్తర్వులిచ్చింది. పట్టణాల్లో ఈ బండ్లు పెరగడానికి ఇవన్నీ తోడ్పడ్డాయి.

అయితే పల్లెకు దక్కిందెంత అన్నదే ప్రశ్న. బ్యాటరీలో పట్టే ప్రతి యూనిట్ కరెంటుకు ఇంత అని స్కూటరు రాయితీ లెక్క కడతారు. 2021 జూన్‌లో అది యూనిట్‌కు 15,000 రూపాయలు. 2023 జూన్‌లో 10,000కు, 2024 ఏప్రిల్‌లో 5,000కు, 2025-26లో 2,500కు దిగింది. మూడు యూనిట్ల బ్యాటరీ బండికి ఒకప్పుడు 45,000 దాకా అందిన సాయం చివరకు 5,000కు మించలేదు. పల్లె చెయ్యి చాచే వేళకు పందిట్లో వడ్డన ముగింపుకొచ్చింది.

రైతు వెనుకాడటానికి కారణం లేకపోలేదు. పెట్రోలు బండి ఆగితే ఊరి మెకానిక్ విప్పి బిగిస్తాడు. బ్యాటరీ బండి ఆగితే దాన్ని పట్టణానికి మోయించాలి. పాలు పోసి రావాలన్నా, సంతకు వెళ్లాలన్నా ఆ బండే ఆధారమైన కుటుంబానికి రెండు రోజుల ఆలస్యం కూడా నష్టమే.

బస్సుల తీరూ అంతే. 2024 అక్టోబరులో 10,900 కోట్లతో ప్రారంభమైన ‘పీఎం ఇ-డ్రైవ్’ కింద 14,028 బస్సులను 40 లక్షలకు మించిన జనాభా గల నగరాలకే ఉద్దేశించారు. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఆ కొలతకు తూగింది హైదరాబాదు ఒక్కటే.

బ్యాటరీల ధరలు తగ్గాయి గనుక రాయితీ తగ్గించామని పాలకులు అనవచ్చు. అన్ని వసతులూ ఉన్న పట్నానికి ఆ వాదన సరిపోతుంది. బాగుచేసే మనిషే లేని ఊరికి సరిపోదు.

ఛార్జింగు కేంద్రాల కోసం ఇదే పథకంలో ఉంచిన 2,000 కోట్లలో మండల కేంద్రాలకు నిర్ణీత వాటా ఇవ్వాలి. ఊరి మెకానిక్‌లకు ఐటీఐల్లో శిక్షణ ఇప్పించాలి. సాయం పొందే కంపెనీలు మండలాల్లో మరమ్మతు వసతి కల్పించేలా షరతు విధించాలి. ఎన్ని బండ్లు అమ్ముడయ్యాయన్నది ఒక్కటే విజయానికి కొలత కారాదు. ఎన్ని ఊళ్లకు చేరాయన్నది కూడా అధికారులు లెక్క చెప్పాలి.